సహజ పునరుత్పత్తితో అడవి పెంపకం: బ్రిటన్‌లో ప్రభుత్వ సాయం

మొక్క నాటకుండా, విత్తనం చల్లకుండా, చుట్టుపక్కల చెట్ల నుంచి రాలినవీ, గాలికి ఎగిరొచ్చినవీ, పక్షులు తెచ్చి దాచినవీ మొలిచి నేల అడవిగా మారడాన్ని సహజ పునరుత్పత్తి అంటారు. పాత అడవి లోపల చెట్లు కూలిన ఖాళీల్లో ఇది ఎప్పుడూ జరిగేదే. సాగు మానేసిన పొలంలోనో, మేత ఆగిన కొండవాలులోనో కొత్తగా అడవి పుట్టుకొస్తే బ్రిటన్ అటవీ అధికారులు దాన్ని సహజ వ్యాప్తిగా విడిగా లెక్కిస్తారు. అడవుల విస్తీర్ణం పెంచాలనుకున్న ప్రభుత్వాలు చాలాకాలం ఈ దారిని పట్టించుకోలేదు. నాటిన మొక్కకు రశీదు ఉంటుంది, తేదీ ఉంటుంది, సంఖ్య ఉంటుంది. తనంతట మొలిచిన మొక్కకు ఇవేవీ ఉండవు. ప్రజాధనం ఖర్చుపెట్టేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. గత నలభై ఏళ్లలో, అందులోనూ 2021 తర్వాత, ఈ చిక్కు విప్పడానికి ఇంగ్లాండ్, స్కాట్లాండ్‌లలో జరిగిన ప్రయత్నాలు అడవుల మీద ఆసక్తి ఉన్న ఎవరైనా తెలుసుకోదగ్గవి.

బీడు అడవిగా మారే తీరు

ఇంగ్లాండ్‌లో ఈ మార్పును మొదటి నుంచీ గమనిస్తూ వచ్చిన చోట్లు కొన్ని ఉన్నాయి. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో జాన్ బెనెట్ లాస్ 1882లో గోధుమ చేలో ఒక మూలను కోయకుండా కంచె వేసి వదిలేశారు. మనిషి చెయ్యి వేయకపోతే గోధుమ నిలుస్తుందా అన్నది ఆయన ప్రశ్న. కొన్నేళ్లకే గోధుమ కనుమరుగైంది. కలుపు, ఆ తర్వాత పొదలు, చివరికి చెట్లు వచ్చాయి. అదే ముక్కలో ఒక భాగంలో మాత్రం మొలిచిన చెట్ల మొక్కల్ని పెరికేస్తూ వచ్చారు. అది ఈనాటికీ బయలుగానే ఉంది. పక్కపక్కన ఉన్న ఆ రెండు ముక్కలూ చెప్పేది ఒకటే: ఆ వాతావరణంలో నేల అడవి వైపే మొగ్గుతుంది, దాన్ని ఆపుతున్నది మనిషో, పశువో.

కేంబ్రిడ్జ్‌షైర్‌లోని మంక్స్ వుడ్ మరింత వివరంగా చెబుతుంది. ఆ పాత అడవి అంచున ఉన్న నాలుగు హెక్టార్ల బార్లీ పొలాన్ని 1961లో దున్ని అలాగే వదిలేశారు. అక్కడి పరిశోధన కేంద్రం డైరెక్టర్ కెనెత్ మెలన్‌బీ ఆలోచన అది. 1996లో దగ్గర్లోనే రెండు హెక్టార్ల పచ్చికబయలును కూడా అలాగే విడిచిపెట్టారు. కంచె లేదు, నీరు పెట్టలేదు, కుందేళ్లనూ జింకలనూ తరమలేదు. 2021లో వెలువడిన పరిశోధన ప్రకారం 59 ఏళ్లు గడిచిన మొదటి పొలంలో హెక్టారుకు సుమారు 390 చెట్లు నిలిచాయి, వాటిలో సగానికి పైగా ఓక్ చెట్లే. 24 ఏళ్ల రెండో పొలంలో హెక్టారుకు 132 చెట్లు లెక్కకొచ్చాయి.

గాలికి ఎగరని, బరువైన ఓక్ కాయలు పొలం నడిమికి ఎలా చేరాయి? కాకి జాతికే చెందిన జే అనే పక్షి వాటిని ఏరుకొచ్చి చలికాలం తిండి కోసం నేలలో దాస్తుంది. తినగా మిగిలినవి మొలుస్తాయి. మొలిచినదాన్ని జింక నోటి నుంచి కాపాడేది హాథార్న్, బ్లాక్‌థార్న్ వంటి ముళ్లపొదలు. వాటి పండ్లు తిన్న పక్షుల రెట్టలతో ముందుగా ఆ పొదలు పరుచుకుంటాయి, పొద మధ్యలో ఓక్ పైకి లేస్తుంది, చివరికి ఆ ఓక్ నీడలోనే పొద చచ్చిపోతుంది. రైతు కంటికి తుప్పగా, నిర్లక్ష్యానికి గుర్తుగా కనిపించే ఈ పొదల దశే నిజానికి అడవికి నర్సరీ. సహజ పునరుత్పత్తి గురించి ఒక్కటే గుర్తుంచుకోవాల్సి వస్తే ఇది గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ పథకాలు తడబడింది కూడా సరిగ్గా ఈ దశ దగ్గరే.

మూడు షరతులు కుదిరితేనే ఇది సాగుతుంది. విత్తనమిచ్చే చెట్లు దగ్గర్లో ఉండాలి. విత్తనం మట్టిని తాకే సందు ఉండాలి. ఎరువులు పడి దట్టంగా అల్లుకున్న గడ్డిలో మొలక బతకదు. మేసే నోళ్లు పరిమితంగా ఉండాలి. ఈ మూడూ కుదిరిన చోట వచ్చే మొక్క ఆ నేలకూ ఆ గాలికీ తగినది. నర్సరీ మొక్కలతో వచ్చే తెగుళ్ల భయం ఉండదు. 2012లో బ్రిటన్‌లో మొదటిసారి కనిపించిన యాష్ చెట్ల ఎండుతెగులుకు దిగుమతి మొక్కలు కూడా ఒక దారి అయ్యాక ఈ మాటకు బరువు పెరిగింది. మొక్క మొక్కకూ ప్లాస్టిక్ గొట్టం తొడగాల్సిన పనీ లేదు. అడవి కావడానికి ముందున్న పొదల్లో పక్షులు చేరతాయి. వెస్ట్ ససెక్స్‌లోని నెప్ ఎస్టేట్‌లో చార్లీ బరెల్, ఇసబెల్లా ట్రీ దంపతులు సాగు ఆపేసిన పొలాల్లో నైటింగేళ్లూ, దేశమంతటా అంతరించిపోతున్న టర్టిల్ డవ్‌లూ గూళ్లు కట్టాయి. లోటు కూడా చెప్పాలి: ఏ చెట్టు వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. కలప కోసం వరుసగా, నిటారుగా పెరిగే చెట్లు కావాలనుకునేవారికి ఇది పనికిరాదు.

నాటడానికే డబ్బిచ్చిన కాలం

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ భూభాగంలో అడవి సుమారు 5 శాతానికి పడిపోయింది. కందకాలకూ గనులకూ కలప దొరక్క తిప్పలు పడ్డ ప్రభుత్వం 1919లో ఫారెస్ట్రీ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. కలప నిల్వే దాని లక్ష్యం కాబట్టి త్వరగా పెరిగే సిట్కా స్ప్రూస్ వంటి ఉత్తర అమెరికా జాతుల్ని లక్షల ఎకరాల్లో నాటింది. ప్రైవేటు భూముల వారికి పన్ను రాయితీలు దక్కాయి. 1980లలో ఆ రాయితీల కోసం సంపన్నులు ఉత్తర స్కాట్లాండ్‌లోని ఫ్లో కంట్రీ పీట్ నేలల్ని దున్నించి స్ప్రూస్ నాటించారు. వేల ఏళ్లుగా కర్బనాన్ని దాచుకున్న ఆ తడినేలలకు జరిగిన నష్టంపై పెద్ద దుమారం రేగింది. 1988 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ ఆ రాయితీల్ని ఎత్తేశారు. వాటి స్థానంలో వచ్చిన వుడ్‌లాండ్ గ్రాంట్ స్కీమ్ నాటడంతో పాటు సహజ పునరుత్పత్తికి కూడా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. దేశవాళీ చెట్లకూ, స్కాట్లాండ్ పాత పైన్ అడవులకూ గుర్తింపు పెరిగింది.

ఇక్కడొక విషయం దాచకూడదు. ఒక చేత్తో అటవీ శాఖ ఇలా ఇస్తుంటే, ఇంకో చేత్తో వ్యవసాయ శాఖ లాగేసుకుంది. యూరోపియన్ యూనియన్ వ్యవసాయ సబ్సిడీ ఎకరాల లెక్కన వచ్చేది. పొదలు కమ్మిన నేల సాగుభూమి కాదన్న నిబంధన కింద ఆ మేరకు సబ్సిడీ కోత పడేది. దాంతో రైతు ఏటా పొదలు నరికించి నేలను శుభ్రంగా చూపించుకునేవాడు. అడవి పుట్టే దశకే జరిమానా వేసిన ఈ నిబంధన, ఎన్ని గ్రాంట్లు వచ్చినా సహజ పునరుత్పత్తిని కొండలకూ ఎస్టేట్లకూ పరిమితం చేసిందని నా అభిప్రాయం. యూనియన్ నుంచి బయటికొచ్చాక ఇంగ్లాండ్ ఆ ఎకరాల లెక్క చెల్లింపుల్ని దశలవారీగా తగ్గించుకుంటూ వచ్చి, 2024లో వాటిని భూమి నుంచి పూర్తిగా విడదీసింది.

ఇంగ్లాండ్ పథకం

ఇంగ్లాండ్‌లో అడవి సుమారు 10 శాతం, యూరప్‌లో తక్కువ అడవి ఉన్న ప్రాంతాల్లో ఇదొకటి. 2021 మేలో ప్రభుత్వం చెట్ల కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ తర్వాతి నెలలోనే ఫారెస్ట్రీ కమిషన్ ఇంగ్లాండ్ వుడ్‌లాండ్ క్రియేషన్ ఆఫర్ పేరుతో కొత్త గ్రాంటు తెచ్చింది. డబ్బు 64 కోట్ల పౌండ్ల నేచర్ ఫర్ క్లైమేట్ ఫండ్ నుంచి వచ్చింది. 2050 నాటికి చెట్ల నీడ కింద ఉన్న నేలను దేశ విస్తీర్ణంలో 16.5 శాతానికి పెంచాలన్నది చట్టబద్ధ లక్ష్యం.

ఈ పథకం నాటడంతో సమానంగా సహజ వ్యాప్తిని కూడా గుర్తించింది. దరఖాస్తుకు మొత్తం ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు ఉండాలి. ముక్కలు చిన్నవైనా ఫర్వాలేదు. కంచె, గేట్లు, నేల తయారీ, అవసరమైతే కొంత నాటడం, వీటి ఖర్చును హెక్టారుకు గరిష్ఠ పరిమితికి లోబడి చెల్లిస్తారు. ఆ పరిమితి మొదట 8,500 పౌండ్లు, తర్వాత 10,200కు పెరిగింది. దాని పైన ఏటా నిర్వహణ భత్యం ఉంటుంది. వరద తగ్గించే చోటో, వాగు ఒడ్డో, ఊరికి దగ్గరో, జనం నడవడానికి దారి విడిచిన చోటో అడవి పెంచితే అదనపు మొత్తాలు వస్తాయి.

సహజ వ్యాప్తికి పెట్టిన షరతుల్లో పైన చెప్పిన ప్రకృతి శాస్త్రమే నిబంధనల భాషలో కనిపిస్తుంది. విత్తనమిచ్చే చెట్లకు ఆ నేల దగ్గరగా, సాధారణంగా 75 మీటర్ల లోపు ఉండాలి. పదో ఏడు ముగిసేసరికి హెక్టారుకు కనీసం 100 చెట్లు నిలవాలి. నాటే అడవులకు అడిగే వెయ్యికి పైబడ్డ మొక్కలతో పోలిస్తే ఇది చాలా తక్కువ. తెరపలూ పొదలూ కలిసిన పలుచని అడవిని కూడా అడవిగా ఒప్పుకోవడం ఈ నిబంధనలోని అసలు మార్పు. రెండోది, మొలకలు కనిపించేదాకా ఆగకుండా, సహజ వ్యాప్తి మొదలుపెట్టిన ఏటి నుంచే నిర్వహణ భత్యం అందడం. రైతు ఆదాయం వదులుకునేది ఆ రోజు నుంచే కాబట్టి ఇది న్యాయం.

అయినా రైతులు ఎగబడలేదు. అందుకు గట్టి కారణాలే ఉన్నాయి. అడవిగా మారిన నేల మళ్లీ పొలంగా మారడం దాదాపు అసాధ్యం. 1967 అటవీ చట్టం ప్రకారం చెట్లు కొట్టడానికి లైసెన్సు కావాలి, కొట్టాక మళ్లీ పెంచాలన్న షరతు దానితోనే వస్తుంది. భూమి ధర పడిపోతుంది. ఇంగ్లాండ్ సాగుభూమిలో దాదాపు మూడో వంతు కౌలు భూమి. యజమాని ఒప్పుకోనిదే కౌలుదారు ఈ పని చేయలేడు. తరాలుగా దున్నిన పొలం తుప్ప పట్టడం చూస్తే ఇరుగుపొరుగు ఏమంటారోనన్న బెంగ కూడా ఉంది. డబ్బుతో కొలవలేనిదే అయినా నిర్ణయాలను మార్చేంత బలం ఆ బెంగకు ఉంది.

స్కాట్లాండ్: విత్తనం ఉంది, జింక ఉంది

స్కాట్లాండ్ కొండల్లో కథ వేరు. చాలాచోట్ల విత్తనానికి కొరత లేదు. పాత పైన్, బర్చ్, రోవన్ చెట్లు లోయల్లో మిగిలే ఉన్నాయి, వాటి కింద ఏటా మొలకలు లేస్తాయి. మోకాలెత్తు దాటేలోపే జింక కొరికేస్తుంది. తోడేలు రెండు మూడు శతాబ్దాల కిందటే అంతరించింది, వేట ఎస్టేట్లు రెడ్ డీర్‌ను పెంచుకుంటూ వచ్చాయి. అన్ని జాతులూ కలిపి జింకల సంఖ్య పది లక్షల దాకా ఉండవచ్చని ప్రభుత్వం నియమించిన బృందం 2020లో ఇచ్చిన నివేదిక చెప్పింది. లోయల్లో నిలిచిన చెట్లన్నీ ముసలివి, వాటికి పిల్ల చెట్లు లేవు. నూటయాభై, రెండొందల ఏళ్ల పైన్‌ల మధ్య ఒక్క పడుచు చెట్టూ కనిపించని లోయలు ఎన్నో.

కాబట్టి ఇక్కడ ప్రభుత్వ సాయమంటే ప్రధానంగా జింకల సంగతి తేల్చడమే. రెండు మార్గాలున్నాయి. ఒకటి కంచె. ఫారెస్ట్రీ గ్రాంట్ స్కీమ్ 2015 నుంచి కంచెలకు విడిగా డబ్బు ఇస్తోంది. అయితే రెండు మీటర్ల జింక కంచెకు తగిలి కాపర్‌కేలీ, బ్లాక్ గ్రౌస్ పక్షులు చనిపోతాయి. కాపర్‌కేలీ అక్కడ అంతరించే అంచున ఉంది. పైగా కంచె లోపల అడవి దట్టమవుతుంది, బయట జింకల ఒత్తిడి పెరుగుతుంది. రెండోది కంచె లేకుండా జింకలనే తగ్గించడం.

ఈ రెండో దారి పనిచేస్తుందని చూపిన చోటు లాగన్ సరస్సు ఒడ్డున ఉన్న క్రేగ్ మెగీ. ఆ కొండల్ని స్ప్రూస్ తోటగా మార్చాలని ఒక ప్రైవేటు సంస్థ చూసినప్పుడు పెద్ద వివాదం నడిచింది. చివరికి 1985లో ప్రభుత్వ సంస్థ నేచర్ కన్జర్వెన్సీ కౌన్సిల్ ఆ ఎస్టేట్‌ను కొనేసింది. నాటలేదు, కంచె కట్టలేదు. ఏటా జింకల్ని కాల్చి, బతికున్నవాటిని పట్టి తరలించి, గొర్రెల్ని తీసేసి సంఖ్య తగ్గించారు. పదేళ్లు తిరక్కుండానే బర్చ్, రోవన్ మొలకలు వాలు వెంట పైకి పాకాయి. గ్లెన్‌ఫెషీలో ఇదే పని 2004లో డీర్ కమిషన్ ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున జరిగింది. వేట మీద బతికే గేమ్‌కీపర్లు తీవ్రంగా నిరసించారు. జింకలే వారి జీతం, ఆ కోపాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. తర్వాత ఆ ఎస్టేట్‌ను కొన్న డేనిష్ వ్యాపారి ఆండర్స్ పోవ్‌ల్సెన్ అదే పద్ధతి కొనసాగించారు. ఇప్పుడు అక్కడి పైన్ మొలకలు మనిషెత్తు దాటాయి. ఆ ఎస్టేట్‌నూ, ప్రభుత్వ అటవీ భూముల్నీ, పక్షుల సంరక్షణ సంఘం భూముల్నీ కలిపి కెయిర్న్‌గార్మ్స్ కనెక్ట్ అనే ఉమ్మడి పథకం నడుస్తోంది.

జింకల్ని తగ్గించడం ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు, ఎన్నేళ్లు చేసినా ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. గ్రాంటు మాత్రం బడ్జెట్‌కు లోబడి ఉంటుంది. 2024-25 బడ్జెట్‌లో స్కాట్లాండ్ ప్రభుత్వం అడవుల పెంపకం గ్రాంట్లను 41 శాతం కోసింది. యాభై ఏళ్ల పనికి ఏటికేడు డబ్బు కేటాయించే పద్ధతిలో ఉన్న బలహీనత ఇంతకంటే స్పష్టంగా బయటపడదు.

ఇతర దేశాలు, తెలుగు నేల

బ్రిటన్ బయట ఈ దారిలో ఎక్కువ దూరం వెళ్లిన దేశాల్లో కోస్టారికా ఒకటి. 1996 అటవీ చట్టం కింద ఇంధన పన్నుతో నడిచే నిధి నుంచి భూయజమానులకు చెల్లిస్తూ, తర్వాతి కాలంలో సహజ పునరుత్పత్తిని కూడా చెల్లింపు వర్గాల్లో చేర్చింది. నైజర్‌లో డబ్బు కంటే హక్కు పనిచేసింది. పొలంలోని చెట్టు సర్కారుదన్న పట్టు సడలాక రైతులు పాత మోళ్ల పిలకల్ని కాపాడుకున్నారు, దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. 1980లలో టోనీ రినాడో మరాడీ ప్రాంతంలో మొదలుపెట్టిన పద్ధతి అది.

మన దగ్గర కూడా దీనికి చరిత్ర ఉంది. దక్కన్ ఆకురాల్చు అడవుల్లో పునరుత్పత్తి ఎక్కువగా మోడు నుంచీ వేరు నుంచీ వస్తుంది. టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ, శేషాచలంలోని ఎర్రచందనం, నరికినా పిలక వేసేవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్య విధానం తెచ్చి వన సంరక్షణ సమితులు ఏర్పాటు చేసింది, 1994 నుంచి ప్రపంచ బ్యాంకు రుణం తోడైంది. సమితులు చేసిన పనిలో నాటడం కొంత. మిగిలినది ఎగుడుదిగుడు మోళ్లను నేలమట్టానికి నరకడం, గుత్తుగా వచ్చిన పిలకల్లో బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసేయడం, కందకాలు తవ్వి పశువుల్ని ఆపడం, వేసవిలో మంటల్ని అదుపు చేయడం. ఈ పనులకిచ్చిన కూలి పల్లెలకు నేరుగా చేరింది. జాతీయ అటవీకరణ కార్యక్రమం కూడా ఈ పద్ధతికి ఒక నమూనా పెట్టింది: ఉన్న పిలకల్ని కాపాడుతూ, ఖాళీల్లో హెక్టారుకు 200 మొక్కలు మాత్రమే నాటాలి. 2018లో వచ్చిన ప్రత్యామ్నాయ అటవీకరణ నిధి నిబంధనలు ఈ పనిని ఖర్చు చేయదగ్గ వాటిలో చేర్చాయి.

తెలంగాణలో 2015 జులైలో మొదలైన హరితహారం లక్ష్యం 230 కోట్ల మొక్కలు. అందులో 100 కోట్లు అటవీ భూముల్లోనివి, వాటిలో ఎక్కువ భాగం క్షీణించిన అడవిలోని వేళ్లనూ మోళ్లనూ కాపాడి తిరిగి పెంచాల్సినవి. కానీ జనం కంట్లో పడింది గుంతలు తవ్వి మొక్కలు పెట్టిన భాగమే. పిలకను కాపాడిన అటవీ బీటు సిబ్బంది పని ఫొటోలకు ఎక్కదు. వాళ్లకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదని గట్టిగా చెప్పాలి.

లెక్కలోకి రాని చెట్లు

యునైటెడ్ కింగ్‌డమ్‌లో 2023-24లో కొత్తగా వచ్చిన అడవి 20 వేల హెక్టార్లకు పైగా, అందులో 15 వేలు స్కాట్లాండ్‌వి. ఈ అంకెలు ప్రధానంగా గ్రాంటు దస్తావేజుల నుంచి వస్తాయి. ఎవరి సాయమూ లేకుండా రైలు కట్టల వెంట, వదిలేసిన గనుల్లో, పొలాల మూలల్లో పుట్టే అడవి వాటిలో సరిగ్గా కనిపించదు. జాతీయ అటవీ సర్వే అర హెక్టారు కంటే చిన్న ముక్కను అడవిగా లెక్కించదు. చెట్ల నీడ 20 శాతానికి చేరాలి, లేదా చేరే అవకాశమైనా కనిపించాలి. పొదల దశలో ఉన్న నేల ఆ అంచనాకు అందడం కష్టం. కర్బన మార్కెట్‌లోనూ ఇదే ఇబ్బంది. 2011లో మొదలైన వుడ్‌లాండ్ కార్బన్ కోడ్ సహజ పునరుత్పత్తిని అనుమతిస్తుంది, కానీ మొదటి దశాబ్దంలో పోగయ్యే కర్బనం తక్కువ కాబట్టి దాని మీద వచ్చే ఆదాయం ఆలస్యమవుతుంది. అప్పు తెచ్చి అడవి పెంచేవాడు నాటడం వైపే మొగ్గుతాడు.

దీనికి తగిన సాధనాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. చెట్ల ఎత్తును విమానం నుంచి లేజర్‌తో కొలిచే పద్ధతి మంక్స్ వుడ్ అధ్యయనంలో వాడారు. పొద ఎక్కడ ఆగింది, చెట్టు ఎక్కడ మొదలైంది అన్నది దానితో తేలుతుంది. ఇంగ్లాండ్ పథకం కింద 2021లో, 2022లో ఒప్పందాలు చేసుకున్న పొలాలకు పదేళ్ల గడువు 2031 తర్వాత ముగుస్తుంది. హెక్టారుకు 100 చెట్ల షరతు ఎన్నిచోట్ల నెరవేరింది, నెరవేరని చోట కమిషన్ నాటమంటుందా, మరికొన్నేళ్లు గడువిస్తుందా అన్నది అప్పుడే తేలుతుంది.